బొర్రా నుంచి వంజంగి దాకా: 34 మంది విద్యార్థులతో నాలుగు రోజుల కొండ నడక

తూర్పు కనుమల్లో నడకకు హిమాలయాల్లోలా మంచు, ఊపిరాడకపోవడం లాంటి భయాలు లేవు. చాలాచోట్ల ఎత్తు వెయ్యి మీటర్ల అటూ ఇటూ. అందుకే దీన్ని పిక్నిక్ లెక్కన తీసుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు.

వెళ్ళింది డిగ్రీ రెండో ఏడాది జియాలజీ విద్యార్థులు 34 మంది, అధ్యాపకులు ముగ్గురు. నవంబరు 21 నుంచి 24 దాకా. అరకు, పాడేరు వైపు ఈ కొండలకు నవంబరు నెలాఖరు మంచి అదను. వానలు వెనకబడతాయి, జలగలు తగ్గుతాయి, గెడ్డల్లో (కొండవాగుల్లో) నీళ్ళు ఇంకా పారుతుంటాయి, వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు పూసి ఉంటాయి. చిక్కల్లా పొద్దు పొట్టిది కావడమే. ఆ రోజుల్లో సాయంత్రం 5:20 ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. కొండ నీడ పడే లోయల్లో నాలుగున్నరకే మసక. ఈ నాలుగు రోజుల్లో వచ్చిన ఇబ్బందుల్లో దాదాపు అన్నీ రెండు కారణాలకే ముడిపడ్డాయి: వెలుతురు లెక్క తప్పడం, కాళ్ళను పట్టించుకోకపోవడం.

నవంబరు 21: బొర్రా, కటికి

ఘాటు రోడ్డు ఎక్కకముందు శృంగవరపుకోటలో టిఫిను. రెండిడ్లీ, అల్లం పచ్చడి, సగం గ్లాసు టీ దగ్గర ఆపమని ముందే చెప్పినా ఏడుగురు పూరీలకు వెళ్ళారు. వాళ్ళలో అయిదుగురికి అనంతగిరి మలుపుల్లో వాంతులయ్యాయి. వాంతుల మాత్ర పనిచేయాలంటే ఘాటుకు అరగంట ముందే మింగాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకున్నది కడుపులో నిలవదు. బస్సు వెనక సీట్లలో ఊపు ఎక్కువ కాబట్టి పడనివాళ్ళను రెండు చక్రాల నడిమి సీట్లలో కూర్చోబెట్టి, ఫోను లోపల పెట్టించి, రోడ్డు వైపు చూడమనాలి. నిమ్మకాయ వాసన కన్నా ఇదే బాగా పనిచేసింది.

బొర్రాలో గుహలోకి వెళ్ళకముందు బయట రోడ్డు పక్కన అరగంట. అక్కడ పడి ఉన్న తెల్లటి, బూడిదరంగు రాళ్ళ మీద పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేస్తే బుసబుసమని నురగ, అంటే అవి సున్నపురాయి జాతివి. పక్కనే ఉన్న ఎర్రటి రాయి మీద వేస్తే చుక్క చుక్కలాగే ఉండిపోతుంది. పుస్తకంలో నాలుగు పేజీలు చెప్పేది ఈ రెండు చుక్కలతో తెలుస్తుంది. ఇక్కడి సున్నపురాయి ఒకప్పటి సున్నపురాయిలా మిగల్లేదు. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ ఉడికి, పంచదార పలుకుల్లాంటి ముతక స్ఫటికాలతో పాలరాయి అయింది. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు పట్టుకుని పల్చని ఆమ్లంగా దిగుతుంది, పగుళ్ళ వెంట రాయిని కరిగిస్తుంది. ఆ నీరే గుహ కప్పు నుంచి కారేటప్పుడు గ్యాసు వదిలేసి, కరిగించిన సున్నాన్ని అక్కడే పేరుస్తుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, కింది నుంచి మొలిచేవి స్టాలగ్మైట్లు.

ఆమ్లం సీసా విషయంలో ఒక పొరపాటు జరిగింది. సీసా ప్లాస్టిక్‌దే, మూతే సరిగా బిగించలేదు. సంచిలో కారి, మడతపెట్టిన తువ్వాలుకు అరచేతి వెడల్పు బొక్క పెట్టింది. సీసాను రెండు కవర్లలో చుట్టి, బ్యాగు బయటి జేబులో నిటారుగా పెట్టాలి. తినే సోడా పొట్లం ఒకటి దాని పక్కనే ఉండాలి. ఒలికితే ముందు బాగా నీళ్ళు పోసి, తరవాత సోడా చల్లాలి.

లోపల సుత్తి బయటికి తీయకూడదు, ముక్క కూడా తేకూడదు. రాతిని చేత్తో తాకనూ కూడదు. చర్మం మీది జిడ్డు అంటుకున్న చోట కొత్త పొర సరిగా పట్టదు. తాకకుండానే చూడాల్సిందొకటి ఉంది. సన్నని స్టాలక్టైట్ వెనక టార్చి పెట్టి చూస్తే కొనన వేలాడే నీటిబొట్టు కనిపిస్తుంది. అది ఉంటే ఆ స్టాలక్టైట్ ఇంకా పెరుగుతోందన్నమాట. పిల్లలు పందెం వేసుకుని వెతికారు. గైడ్లు మాత్రం శివపార్వతులు, తల్లీబిడ్డ అంటూ ఆకారాలు చూపించుకుపోతారు. పై కన్నంలోంచి ఆవు పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం దొరికిందని కథ. గోస్తని నది పేరు కూడా ఆ ఆవుదే. వాళ్ళు చెప్పేది వాళ్ళను చెప్పనివ్వాలి. మధ్యలో అడ్డు తగిలి శాస్త్రం మొదలుపెడితే గైడు మొహం మాడ్చుకుని మిగతా గుహను పది నిమిషాల్లో ముగించేస్తాడు.

బొంగు చికెన్ కావాలంటే గుహలోకి వెళ్ళేముందే చెప్పి వెళ్ళాలి, గంట పడుతుంది. పచ్చి బొంగును అడుగున కణుపు మూసి ఉండేలా కోస్తారు. అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించిన ముక్కలు కూరతారు. నూనె చుక్క ఉండదు. మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ నలభై నిమిషాలు కాలుస్తారు. బొంగు లోపలి తడే మాంసాన్ని ఉడికిస్తుంది, అందుకే ఎండు బొంగు పనికిరాదు, మాంసం ఉడకకముందే అంటుకుంటుంది. బొంగు చీల్చగానే వచ్చే నీటిని పారబోయనివ్వకండి, రుచంతా అందులోనే. ముగ్గురికి సరిపోయే బొంగు 350 రూపాయలు. ముందు 450 అన్నారు, పది బొంగులనేసరికి దిగారు.

కటికి జలపాతానికి అయిదు జీపులు, ఒక్కొక్కటి రానూపోనూ 1,200. దారి రాళ్ళు తేలి ఉంటుంది, జీపు పైరాడ్డు పట్టుకోకపోతే తల కప్పుకు తగులుతుంది. జీపు ఆగాక ఇంకా నడవాలి. రెండున్నరకు బయల్దేరాల్సింది బొంగుల ఆలస్యంతో మూడుంబావు అయింది. డ్రైవరు ముందే అన్నాడు: "బేగి నడండి బాబూ, కొండ నీడ పడిపోతాది." అదే జరిగింది. జలపాతం దగ్గర ఇరవై నిమిషాలే మిగిలాయి. నీళ్ళలో దిగినవాళ్ళు తడి జీన్సుతో వెనక్కి నడిచి తొడలు ఒరుసుకుపోయి, మర్నాడంతా కాళ్ళు ఎడం చేసి నడిచారు. జీన్సు తడిస్తే రెండింతలు బరువు, రాత్రికి కూడా ఆరదు. పల్చటి ట్రాక్ ప్యాంటు మేలు.

ఈ చుట్టుపక్కల రైలు పట్టాలు కనబడితే పిల్లలకు ఫొటోల మీదికి మనసు పోతుంది. ఇది కొత్తవలస–కిరండూల్ లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960ల్లో వేశారు. ఖనిజం బండ్లు వేళాపాళా లేకుండా వస్తూనే ఉంటాయి. సొరంగాల దగ్గర చప్పుడు ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు. పట్టాల మీద ఎవరూ అడుగు పెట్టకూడదన్న ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు.

నవంబరు 22: గాలికొండ వాలు, కాఫీ తోటలు

అసలు నడక ఈ రోజే. గాలికొండ వ్యూపాయింటు దగ్గర రోడ్డు వదిలి, కాఫీ తోటల్లోంచి గెడ్డ దాకా దిగి, అవతలి ఊరి మీదుగా మళ్ళీ రోడ్డుకు రావాలి. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు, ఇద్దరు స్థానిక గైడ్లు.

గంటకు నాలుగు కిలోమీటర్ల లెక్క ఒక్క మనిషికి చెల్లుతుంది. 37 మంది ఒకే సన్నదారిలో పోతే గంటకు రెండు దాటదు. ఒకడు లేసు కట్టుకోవడానికి వంగితే వెనక ఇరవై మంది ఆగుతారు. వరస ఇలా పెట్టాం: ముందు గైడు, అతని వెనకే అందరికన్నా నెమ్మదిగా నడిచే ఇద్దరు, తరవాత మిగతావాళ్ళు, ఆఖరున ఒక అధ్యాపకుడూ రెండో గైడూ. నెమ్మదిగా నడిచేవాళ్ళను వెనక పెడితే ముందువాళ్ళు ఆగి సేదతీరుతుంటారు, వెనకవాళ్ళు చేరగానే మళ్ళీ బయల్దేరుతారు. సేద అవసరమైన వాళ్ళకే అది దక్కదు. ప్రతి ఒక్కరికీ ఒక అంకె. దారి చీలిన ప్రతిచోటా ఒకటి నుంచి 34 దాకా ఎవరి అంకె వాళ్ళే పలకాలి. తలలు లెక్కపెట్టడం కన్నా ఇది నమ్మకం, ఎందుకంటే తలలు కదులుతుంటాయి. ఈల ఒకసారి వేస్తే ఆగాలి, రెండుసార్లు వేస్తే రావాలి, మూడుసార్లు వేస్తే ప్రమాదం.

ఉదయం రాళ్ళతో సరిపోయింది. రోడ్డు కోతలో కనిపించే ఎర్రగోధుమ రంగు రాయి ఖొండలైట్. ఖోండు తెగ పేరు మీద 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని పెట్టిన పేరది. తాజాగా పగిలిన ముఖం మీద లెన్సు పెడితే దానిమ్మ గింజల్లా ఎర్రటి గార్నెట్లు, నారల్లా సిల్లిమనైట్ అనే ఖనిజం, వేలికి నల్లగా అంటే గ్రాఫైట్. విశాఖ కైలాసగిరి రాయీ ఇదే, కోణార్క్ గుడి కట్టిందీ ఈ జాతి రాతితోనే. దానికి తోడుగా వచ్చే నల్లటి గట్టి రాయి చార్నొకైట్. ఆ పేరు కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ దొర జాబ్ చార్నాక్ సమాధి రాతి నుంచి వచ్చింది. ఒకటి అడవి మనుషుల పేరు, ఇంకొకటి కంపెనీ దొర సమాధి పేరు, రెండూ ఒకే కొండలో పక్కపక్కన!

ఒకే బండ మీద అయిదు జట్లు దిక్సూచితో రాతిపొరల దిశ కొలిస్తే అయిదు లెక్కలొచ్చాయి. ఒకరిది ఉత్తరం నుంచి 15 డిగ్రీలు, ఇంకొకరిది 75. తప్పు దిక్సూచిది కాదు. ఒక జట్టులో ఎడమ చేతిలో సుత్తి ఉంది. రెండు జట్ల వాళ్ళు నోటుపుస్తకం కింద ఫోను పెట్టుకున్నారు, దాని కవరుకు అయస్కాంతం బిళ్ళ. మరొకరు దిక్సూచిలోని నీటిబుడగ మధ్యకు రాకుండానే చదివారు. సుత్తులూ ఫోన్లూ మూడు మీటర్ల అవతల పెట్టించి మళ్ళీ కొలిపిస్తే అందరివీ 40 నుంచి 50 డిగ్రీల మధ్యకొచ్చాయి. తూర్పు కనుమల రాళ్ళ సాధారణ దిశ, ఈశాన్యం–నైరుతి, అదే.

గాలికొండ, రక్తకొండ, చిట్టంగొంది కొండల నెత్తిన బాక్సైటు (అల్యూమినియం ఖనిజం) టోపీలా ఉంటుంది. ఖొండలైట్ యుగాల తరబడి ఎండకూ వానకూ కుళ్ళి, మిగతావన్నీ కొట్టుకుపోగా మిగిలినదే ఈ బొరియల రాయి. వాన నీటిని స్పంజిలా పీల్చి నెమ్మదిగా వదులుతుంది. నవంబరులో వాన లేకపోయినా వాలు మీద ఊటలు పారేది ఇందుకే. ఊట దగ్గర ఊరివాళ్ళు పెట్టిన బొంగు గొట్టం కనిపిస్తే నీళ్ళు పట్టుకోవచ్చు, కానీ క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. ఆ గొట్టం కింద కాళ్ళు కడగడం, సబ్బు వాడడం తప్పు. అది వాళ్ళ తాగునీరు.

కాఫీ తోట లోపలికి వెళ్ళగానే ఎండ మెత్తబడుతుంది. పైన సిల్వర్ ఓక్, దాన్ని చుట్టుకుని మిరియాల తీగ, కింద నడుమెత్తు అరబికా మొక్కలు. నవంబరు నుంచి పండ్ల కోత. ఎర్రబడినవి మాత్రమే ఏరాలి, ఒకే కొమ్మ మీద పచ్చివీ పండినవీ కలిసి ఉంటాయి కనక చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు రావాలి. పండు నొక్కితే రెండు గింజలు జిగురుతో జారి పడతాయి, ఆ జిగురు తియ్యన. పిల్లలందరూ చప్పరించారు, కాఫీ వాసన ఏదని అడిగారు. వేయిస్తే తప్ప ఆ వాసన రాదు. ఆరు కిలోల పండ్లు తోలు తీసి, పులియబెట్టి, కడిగి, ఆరబెడితే మిగిలే గింజ కిలో అటూ ఇటూ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటలోంచి పండు తెంపడం మాత్రం దొంగతనమే. ఇక్కడ ఒక్కో కుటుంబానిదీ ఒక్కో చెక్క, హద్దు మనకు కనబడకపోయినా వాళ్ళకు తెలుసు. చప్పరించిన పండ్లు కోస్తున్నావిడను అడిగి తీసుకున్నవే.

దారి తప్పింది మూడో చీలిక దగ్గర. ముందు గైడు రాళ్ళు చూపిస్తూ వెనకబడ్డాడు, హుషారైన నలుగురు ముందుకు పోయి వెడల్పాటి దారి పట్టారు, మిగతావాళ్ళు వాళ్ళ వెంట. నలభై నిమిషాలు నడిచాక దారి నాలుగు పాయలై పోడు చేనులో మాయమైంది. కొండల్లో వెడల్పు దారి ఎప్పుడూ అనుమానమే. పశువులు మేస్తూ పక్కపక్కన నడుస్తాయి, అందుకే వాటి దారి వెడల్పు, మధ్య మధ్య చీలి కలుస్తుంది, పేడ ఉంటుంది, చివరికి మేత దగ్గర ఆగిపోతుంది. మనుషుల దారి ఒక్క పాదం వెడల్పే. దాని రాళ్ళు అరిగి నునుపెక్కి ఉంటాయి, ఏటవాలు చోట మెట్టులా ఒక రాయి పెట్టి ఉంటుంది.

ఆ చేనులో కోసిన చోళ్ళ (రాగుల) కంకులకు కాపలాగా ఒక ముసలామె కూర్చుంది, నోట్లో అడ్డపొగ. చుట్ట నిప్పున్న వైపు నోటి లోపల పెట్టుకుని కాల్చడం చూసి పిల్లలు నోళ్ళు తెరిచారు. ఫొటో తీయమంటారా అని ఒకమ్మాయి అడిగింది, ఆమె తల అడ్డంగా ఊపింది, ఫోను లోపలికి పోయింది. అడగడం మంచిదైంది. "ఇది గొడ్ల దోవమ్మా, ఎనక్కెల్లండి, పనస చెట్టు కాడ కిందకి దిగండి" అంది. ఆనపకాయ బుర్రలోంచి చోడి అంబలి వంచి నలుగురైదుగురికి పోసింది. పుల్లగా, చల్లగా, ఉప్పు కొంచెమే. డబ్బు తీసుకోలేదు, పులిహోర పొట్లం ఇస్తే తీసుకుంది. పనస చెట్టు దగ్గర రాతి మెట్టు ఉండనే ఉంది. ఇందాక దాని పక్కనుంచే పోయారు.

ఎక్కడం ఊపిరి పని, దిగడం మోకాళ్ళ పని. గెడ్డకు దిగే కిలోమీటరున్నరలో మూడు పొక్కులు, రెండు నల్లబడ్డ గోళ్ళు. పాదం బూటులో ముందుకు జారి గోరు ముక్కుకు కొట్టుకుంటుంది. ముందురోజే గోళ్ళు తీసుకోవాలి. దిగేముందు బూటు మడమను నేలకు తట్టి, పాదాన్ని వెనక్కి జరిపి, చీలమండ దగ్గర లేసు గట్టిగా బిగించాలి. వేళ్ళ దగ్గర వదులుంటే ఫరవాలేదు. పొక్కు లేవకముందు అక్కడ చుర్రుమని మంట పుడుతుంది. ఆ నిమిషంలోనే ఆగి టేపు అతికిస్తే పొక్కు రాదు. అందరూ 'రోడ్డెక్కాక చూద్దాంలే' అనుకుంటారు. ఆగండని అడగడానికి సిగ్గు, ముఖ్యంగా అబ్బాయిలకు. అందుకే గంటకోసారి అధ్యాపకులే ఆపి, బూట్లు విప్పించి చూడాలి.

గెడ్డ మోకాలి లోతే. అయినా వట్టి కాళ్ళతో దాటనివ్వకూడదు, పాచి పట్టిన గుండ్రాళ్ళు వేళ్ళను నలగ్గొడతాయి. మేజోళ్ళు తీసి బూట్లతోనే దాటి, ఒడ్డున నీళ్ళు వంపుకుని పొడి మేజోళ్ళు వేసుకోవాలి. బ్యాగు నడుము పట్టీ విప్పి ఉంచాలి, పడితే బ్యాగు వదిలేయగలగాలి. ముఖం నీరొచ్చే వైపు తిప్పి, కర్ర ఆనించి, పక్క అడుగులు వేయాలి. 37 మంది దాటడానికి 35 నిమిషాలు. రోడ్డెక్కేసరికి 4:50. పోడు చేనులో పోయిన నలభై నిమిషాలు తిరిగి రాలేదు, ఊళ్ళో ఆగాలనుకున్నది మానుకున్నాం. రాత్రి మకాం అరకులో. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి దోమతెర లేని గదికి దోమల పూత తప్పనిసరి.

నవంబరు 23: సంత, చాపరాయి, పాడేరు

కాళ్ళకు సెలవు. దారిలో తగిలిన సంతలో గంటన్నర ఆగాం. రాజ్మా, పిప్పళ్ళు, కొండ పసుపు, సీతాఫలాల ఆఖరు కాపు. కిలోలతో పాటు సోల, తవ్వ కొలతలూ నడుస్తున్నాయి. రాజ్మా కిలో 120. గంపలో నాలుగు కిలోలు తెచ్చుకుని కూర్చున్నావిడతో పది రూపాయలకు బేరమాడడం పట్నపు అలవాటు, అక్కడ చూడ్డానికి బాగుండదు. చిల్లర మాత్రం తీసుకువెళ్ళాలి, అయిదొందల నోటుకు ఎవరి దగ్గరా మార్పు లేదు.

ఒక మూల అడ్డాకుల విస్తళ్ళు కుడుతున్నారు. రెండు రెక్కల ఆకును ఈనె మీద సగానికి మడిచి, అంచు మీద అంచు వేసి, అగ్గిపుల్ల కన్నా సన్నగా చీల్చిన వెదురు పుల్లతో గుచ్చి, మిగిలిన కొన పుటుక్కున విరిచేస్తారు. విస్తరికి నిమిషం పట్టదు. పిల్లలు ప్రయత్నిస్తే ఆకు చిరిగింది. పుల్లను ఆకు ఈనెకు అడ్డంగా గుచ్చాలి, ఈనె వెంబడి గుచ్చితే చీలిపోతుంది. నలభై విస్తళ్ళు కొన్నాం, ఆ రోజూ మర్నాడూ ప్లాస్టిక్ పళ్ళాలతో పని లేకపోయింది.

డుంబ్రిగూడ దగ్గర చాపరాయి పేరుకు తగ్గట్టే చాపలా పరిచిన బండ, దాని మీద జారుతూ పారే నీరు. చూడటానికి పిల్లాట. నీటి కింద పాచి కనబడదు, జారినవాడికి పట్టు దొరకదు, కింద గుంటలున్నాయి. పొడిగా ఉన్న బండ మీద కూర్చోవడం వరకే అనుమతి. అరగంట చాలు.

పాడేరు చేరి, మోదకొండమ్మ గుడి చూసుకుని, ఏడుకల్లా భోజనం, ఎనిమిదిన్నరకు దీపాలు ఆర్పేయడం. ఆర్పేశాం అంతే, పదకొండు దాకా గుసగుసలే.

నవంబరు 24: వంజంగి

మొదటి తప్పు రోజు ఎంచుకోవడంలోనే ఉంది. ఆదివారం పెట్టుకున్నాం. లోయ నిండిన పొగమంచు మీద పొద్దుపొడుపు చూడటానికి సీజనులో శని, ఆదివారాల్లో వంజంగి కొండ కింద తెల్లవారుజామున మూడున్నరకే బండ్లు బారులు తీరుతాయి. బస్సు కిలోమీటరు దూరంలోనే ఆగిపోయింది, ఆ కిలోమీటరు అదనపు నడక. మంగళవారమో బుధవారమో వెళ్తే ఇదే కొండ వేరుగా ఉంటుంది.

రెండుమ్ముప్పావుకు లేపడం, నాలుగింటికి నడక మొదలు, 5:40కి పైన. దారి పొడవు పెద్దది కాదు, మట్టి వదులు, రాళ్ళు తేలి ఉన్నాయి, జనం పాదాలకు లేచిన దుమ్ము టార్చి వెలుగులో పొగలా. ఫోను టార్చి పట్టుకున్నవాళ్ళకు ఒక చెయ్యి పోయినట్టే, జారితే ముందు ఫోనును కాపాడుకుంటారు, మోచెయ్యి పగులుతుంది. 300 రూపాయల తలదీపం ఉంటే రెండు చేతులూ ఖాళీ. అందరికీ కొనలేకపోతే ముగ్గురికి ఒకటి చాలు, మధ్యలో నడిచేవాడికి ఇవ్వాలి.

చలి పది డిగ్రీల చుట్టూ ఉంది. కింద బయల్దేరేటప్పుడు స్వెటరు, మఫ్లరు, టోపీ అన్నీ వేసుకున్నవాళ్ళు పావుగంటలో చెమటతో తడిశారు. పైన ఆగగానే ఆ తడి బనియను మంచుముద్దలా ఒంటికి అంటుకుని వణుకు పట్టింది. నడిచేటప్పుడు కొంచెం చలిగా ఉండాలి. పొడి బనియను కవరులో వెంట తెచ్చుకుని, పైకి చేరగానే మార్చుకుని, అప్పుడు స్వెటరు వేసుకోవాలి.

6:05కి తూరుపు ఎర్రబడింది. కింద లోయలన్నీ పాలు పొంగినట్టు నిండి, కొండ కొనలు మాత్రం దీవుల్లా. జనం ఒక్కసారి అరిచారు. ఆ పది నిమిషాలు పాఠం చెప్పబోతే ఎవరూ వినరు. తరవాత చెప్పాం. మేఘాలు మన కిందికి దిగినట్టు కనిపించినా ఇది లోయలో పుట్టిన పొగమంచు. మబ్బులేని, గాలిలేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది. కొండ వాలు మీది గాలి చల్లబడి బరువెక్కి, నీళ్ళలాగే కిందికి జారి లోయలో నిలుస్తుంది. అక్కడి తేమ సన్నటి నీటి తుంపరలుగా మారి పొగమంచవుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది కనక అది లేవలేదు. దానర్థం: ముందురోజు రాత్రి నక్షత్రాలు బాగా కనిపించి, ఆకు కదలకుండా ఉంటే మర్నాడు మంచు సముద్రం దాదాపు ఖాయం. మబ్బు పట్టినా, గాలి వీచినా పిల్లల్ని నిద్రపోనివ్వడం మంచిది. ఎనిమిది దాటగానే ఎండకు లోయ వేడెక్కి పాలు విరిగినట్టు ముక్కలైంది.

పైన టీ 20, మ్యాగీ 60. మరుగుదొడ్డి సంగతి కింద బయల్దేరేముందే చూసుకోవాలి. అమ్మాయిలు ఈ భయంతో నీళ్ళు తాగడం మానేస్తారు, దిగేటప్పుడు తలనొప్పి, కాళ్ళ పట్టు అందుకే. ఆ రోజు నలుగురికి ఓఆర్‌ఎస్ కలపాల్సి వచ్చింది. పొట్లం మీద రాసినట్టు పూర్తి లీటరులో కలపాలి. సగం సీసాలో కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది.

దిగుతుండగా ఒకబ్బాయి చీలమండ మడతపడింది. చుట్టూ చేరినవాళ్ళు బూటు విప్పబోయారు, ఆపాం. వేళ్ళు కదులుతున్నాయి, ఎముక మీద నొక్కితే నొప్పి లేదు, నాలుగడుగులు వేయగలిగాడు. అంటే బెణుకే. ఇంకా నడవాల్సి ఉన్నప్పుడు బూటు విప్పితే వాచి మళ్ళీ ఎక్కదు. బూటు మీదుగానే క్రేప్ కట్టు పాదం కింది నుంచి చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, బొటనవేలి గోరు నొక్కి వదిలి, రంగు తిరిగొస్తోందో లేదో చూశాం. గైడు భుజం, చేతిలో కర్ర. అరగంట దారి గంటా పది నిమిషాలు. బస్సులో బూటు విప్పి, కాలు ఎత్తున పెట్టి, చల్లటి నీళ్ళ తువ్వాలు.

పాడేరులో అన్నం, రాజ్మా కూర, చింతపండు చారు, అడ్డాకు విస్తళ్ళలో. ఘాటు దిగేటప్పుడు ఎవరికీ వాంతి కాలేదు, అందరూ నిద్రే.

లెక్క: బస్సు నాలుగు రోజులకు 48,000, మూడు రాత్రుల మకాం 27,750, తిండి 42,400, జీపులు 6,000, గైడ్లకు 4,200, టిక్కెట్లు, పార్కింగు 5,500, మందులు, తాడు, ఈలలు 2,150. మొత్తం 1,36,000, విద్యార్థికి 4,000. ఇందులో మొదట అనుకోనివి మూడు: జీపులు, మ్యాగీలు, నలభై విస్తళ్ళు.

సోమవారం ల్యాబులో సంచులు విప్పితే నమూనాలు 41. ప్రతి రాయికీ అంకె, చోటు, దిశ రాసిన చీటీ ఉండాలి. పెన్సిలుతో రాసినవి 33 చదవగలిగాం. జెల్ పెన్నుతో రాసిన ఎనిమిది గెడ్డలో తడిసి, నీలం మరకలు మాత్రమే మిగిలాయి. ఎక్కడివో తెలియని రాళ్ళు నమూనాలు కావు. వాటిలో గార్నెట్లు బాగా మెరిసే రెండింటిని ల్యాబు తలుపులు గాలికి కొట్టుకోకుండా ఆపడానికి పెట్టాం.